మెడ పక్కన బిళ్ళ, రిపోర్టులో గ్రాన్యులోమా, ఇంట్లో పిల్లి పిల్ల: టీబీ మందులు మొదలెట్టే ముందు ఏం తేల్చుకోవాలి

మీ ప్రశ్న రెండు సార్లు చదివానండి. మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తా. విజయవాడ పటమటలో ఉంటారు, పాపకి తొమ్మిదేళ్ళు, కుడి దవడ కింద గడ్డ వచ్చి నెల దాటింది, మొదట్లో నాలుగు రోజులు కొంచెం జ్వరం, రెండు రకాల యాంటీబయాటిక్ సిరప్‌లు వాడినా తగ్గలేదు, సూది పరీక్ష చేయిస్తే "గ్రాన్యులోమాటస్ లింఫడినైటిస్, సజెస్టివ్ ఆఫ్ ట్యూబర్‌క్యులోసిస్" అని, అంటే బిళ్ళలో గ్రాన్యులోమాలున్నాయి, టీబీ అయి ఉండొచ్చు అని వచ్చింది, ఆరు నెలల టీబీ కోర్సు మొదలెడదాం అన్నారు. చేతి మీద సూది గుచ్చి చూసే మాంటూ అనే టీబీ టెస్టు నెగటివ్, ఇంట్లో ఎవరికీ టీబీ లేదు, పాప బరువు తగ్గలేదు, బాగానే ఆడుకుంటోంది. అన్నీ రాసేసి ఆఖర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, సంక్రాంతికి పిల్లి పిల్లని తెచ్చుకున్నాం, అది టీబీ అంటించిద్దా అని అడిగారు.

పిల్లి టీబీ అంటించడం సంగతి వదిలేయండి, అసలు ఆ రిపోర్టు ఇచ్చిన వాళ్ళకి, రాసిన డాక్టర్ గారికి ఆ పిల్లి సంగతి చెప్పారా? నాకు తెలిసి చెప్పి ఉండరు, ఎవరూ అడిగి కూడా ఉండరు.

నేను డాక్టర్నే గానీ స్టెతస్కోపు డాక్టర్ని కాదు, పేథాలజీ. గుంటూరులో చాలా ఏళ్ళుగా నా పని ఇదే, మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్ళ కట్టిన వాళ్ళు వస్తే సన్న సూదితో గుచ్చి, వచ్చిన ఆ రెండు చుక్కలు స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాయడం. కాబట్టి ఆ "సజెస్టివ్ ఆఫ్" అనే మాట మేం ఎప్పుడు రాస్తామో, ఎంత ధైర్యంతో రాస్తామో నాకు తెలుసు. మీ పాపకి ఫలానా జబ్బే అని ఇక్కడ కూర్చుని చెప్పను, చెప్పకూడదు కూడా, కానీ ఏది ముందు ఏది వెనక చూసుకోవాలో చెప్పగలను.

గ్రాన్యులోమా అనేది ఏ క్రిమి పేరూ కాదండి. చప్పున చావని క్రిమి ఏదైనా ఒంట్లో దూరితే మాక్రోఫేజ్‌లు అనే ఒక రకం తెల్లకణాలు దాని చుట్టూ మూగి ముద్ద కడతాయి, ఆ ముద్దనే అలా అంటాం. టీబీలో కడతాయి, పిల్లి గీరితే వచ్చే జబ్బులో కడతాయి, బ్రూసెల్లాలో, కొన్ని ఫంగస్‌లలో, సార్కాయిడ్‌లో, ఒక్కోసారి లింఫోమా, అంటే ఈ బిళ్ళలకి వచ్చే క్యాన్సర్, దాని పక్కన కూడా కడతాయి. మన దగ్గర టీబీ ఎక్కువ, కాబట్టి మెడ బిళ్ళలో గ్రాన్యులోమా కనపడితే అది టీబీ అయ్యే అవకాశమే ముందుంటుంది, అందుకని ఆ మాట రాస్తాం, అందులో తప్పేం లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే మాకొచ్చే చీటీ మీద "మెడ గడ్డ, టీబీ అనుమానం" అని తప్ప ఇంకేం ఉండదు, ఆ చీటీ చూసి మేం టీబీ వైపు మొగ్గుతాం, మా రిపోర్టు చూసి అక్కడ డాక్టర్ గారు అనుకున్నదే వచ్చిందనుకుంటారు, ఇలా ఇద్దరం ఒకరి అనుమానాన్ని ఇంకొకరం బలపరుచుకుంటూ పోతాం, మధ్యలో రుజువు మాత్రం ఎక్కడా రాలేదు!

ఇప్పుడు పిల్లి సంగతి. క్యాట్ స్క్రాచ్ డిసీజ్ అని ఒకటుంది, బార్టొనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఫ్రాన్స్‌లో రాబర్ట్ డెబ్రే 1950లోనే ఈ జబ్బు గురించి రాశాడు గానీ క్రిమి దొరకడానికి చాలా కాలం పట్టింది, 1983లో అమెరికాలో పేథాలజిస్టులు వెండి రంగు వేసి గ్రంథుల్లో సన్న కడ్డీల్లాంటి బ్యాక్టీరియాని చూశారు, మధ్యలో కొన్నాళ్ళు వేరే బ్యాక్టీరియా అనుకున్నారు, 1992కి గానీ అసలుది తేలలేదు. ఆ హెన్సెలే అనే పేరు ఓక్లహోమాలో ఆ క్రిమిని పెంచిన డయాన్ హెన్సెల్ అనే ల్యాబ్ టెక్నాలజిస్టుది. ల్యాబుల్లో పనిచేసే వాళ్ళ పేరు ఒక బ్యాక్టీరియాకైనా పెట్టారని మా టెక్నీషియన్లకి చెప్తే మురిసిపోతారు.

వచ్చే దారి ఇలా ఉంటుంది. పిల్లి ఒంటి మీద జుట్టులో ఎగిరే సన్న పురుగులుంటాయి, ఫ్లీ అంటారు, కుక్కలకి పట్టే గోమార్లు కాదు, అవి వేరు. ఆ ఫ్లీ ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి ఈ క్రిమిని మోస్తుంది. దాని రెట్ట పిల్లి ఒంటి మీద నల్ల పొడి లాగా రాలుద్ది, పిల్లి గోక్కున్నప్పుడు అది గోళ్ళ కిందకి చేరుద్ది, ఆ గోళ్ళతో మనల్ని గీరితే చర్మంలోకి వెళ్తుంది. అందుకే ఏడాది లోపు పిల్లి పిల్లలతోనే ఎక్కువ రిస్కు, వాటి రక్తంలో క్రిమి ఎక్కువ ఉంటుంది, పైగా ఆటల్లో ఊరికే గీరుతుంటాయి. పిల్లి చూడ్డానికి శుభ్రంగా, హుషారుగా ఉంటుంది, దానికి జబ్బున్నట్టే తెలీదు. "మా పిల్లికేం లేదండి, చక్కగా తింటోంది" అనే మాట వల్ల ఏమీ తేలదు. మనిషి నుంచి మనిషికి ఇది అంటదు.

గీరిన చోట మూడు రోజుల నుంచి పది రోజుల్లో చిన్న ఎర్ర పొక్కు వస్తుంది, దోమ కుట్టిందేమో అనుకుని వదిలేస్తారు. ఆ తర్వాత వారం నుంచి మూడు వారాల్లో ఆ వైపు బిళ్ళ కడుతుంది. చేతి మీద గీరితే మోచేతి దగ్గరో చంకలోనో, ముఖం మీదో తల మీదో గీరితే దవడ కింద, మెడలో, చెవి ముందు. కొంచెం జ్వరం, నీరసం, అంతే, పిల్ల మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గడ్డ ముట్టుకుంటే నొప్పి ఉంటుంది, పైన చర్మం ఎర్రగా వెచ్చగా ఉండొచ్చు. టీబీ బిళ్ళ మామూలుగా నొప్పి లేకుండా మెల్లిగా వారాల తరబడి పెరుగుతుంది, నాలుగైదు ఒకదానికొకటి అతుక్కుని గుత్తి లాగా తగులుతాయి. ఇది గట్టి రూలేం కాదు, చీము పట్టిన టీబీ గడ్డ కూడా నొప్పి పెడుతుంది, కానీ అనుమానం ఎటు మొగ్గాలో చెప్పడానికి పనికొస్తుంది.

అందుకని ఇవాళే చేయాల్సిన పని, డబ్బు ఖర్చు లేనిది, పాపని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లిగా అడగడం. మీరు కాదు, పాప చెప్పాలి. పిల్లి గీరిన సంగతి పిల్లలు దాస్తారండి, చెప్తే పిల్లిని ఎక్కడో వదిలేసి వస్తారని భయం. పిల్లిని పంపించం అని ముందే మాటిచ్చి అడగండి, చటుక్కున చెప్తారు. నేను సూది గుచ్చే ముందు తల్లిని బయట కూర్చోమని పిల్లలని పిల్లి పేరేంటి అని అడుగుతా, పేరు చెప్పారంటే మిగతాదంతా వాళ్ళే చెప్తారు. తర్వాత మంచి వెలుతురులో చెవి వెనకాల, జుట్టు పాయలు తీసి తల మీద, చెంప మీద, మెడ మీద, కుడి వైపు మొత్తం చూడండి, మానిపోతున్న గీతో, చిన్న పొక్కో, ఎండిన పక్కో. దొరికితే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళేసరికి మానిపోవచ్చు. దొరకకపోతే గీరలేదని కాదు, నెల దాటింది కదా.

ఆ వెతుకులాటలో చుట్టూ ఎర్రగా ఉండి మధ్యలో సిగరెట్ కాల్చినట్టు నల్లటి చెక్కు కనపడితే మాత్రం అది పిల్లి కథ కాదు, స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చేది, దాంట్లో కూడా పక్కన బిళ్ళ కడుతుంది, కానీ జ్వరం గట్టిగా కాస్తుంది, ఇలా నెల తర్వాత ఆడుకుంటూ ఉండరు. అది వెంటనే చూపించాల్సింది, డాక్సీసైక్లిన్‌తో తగ్గిద్ది, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది. మీ పాపకి అది అనిపించట్లేదు, ఊరికే దారిలో చెప్పా. గవదబిళ్ళలు కూడా కాదు, అవి చెవి ముందు బుగ్గ వాచి వారం పది రోజుల్లో పోతాయి.

ఇక ల్యాబు సంగతి, నాకు చెప్పడానికి ఎక్కువ ఉన్నది ఇక్కడే.

ఆ స్లైడు మీద టీబీ క్రిమి కనపడిందా, అంటే జెడ్ఎన్ రంగు పాజిటివా నెగటివా అని రిపోర్టులో చూడండి. క్రిమి కనపడి ఉంటే ఈ సమాధానం చదవడం ఇక్కడితో ఆపేసి డాక్టర్ గారు చెప్పింది వినండి. కనపడలేదు అని ఉంటే, గ్రాన్యులోమాల మధ్యలో ఏముంది అనేది అడగాలి. టీబీలో మధ్యలో కణాలన్నీ చచ్చి నీలంగా గులాబీగా పొడి పొడిగా ఉండే పదార్థం ఉంటుంది, కేసియేషన్ అంటాం. పిల్లి జబ్బులో గ్రాన్యులోమా మధ్యలో చీము కణాలు, అంటే న్యూట్రోఫిల్స్, గుంపుగా ఉంటాయి, బయాప్సీ ముక్కలో చూస్తే అవి నక్షత్రం ఆకారంలో చీలికలు చీలికలుగా కనపడతాయి. సూదిలో వచ్చిన చుక్కలో నక్షత్రం కనపడదు, అందుకని సూది స్లైడు మీద ఇది పట్టుకోవడం కష్టం, "చీముతో పాటు గ్రాన్యులోమా" అని రాసి ఉంటే మాత్రం ఆ పదం కింద గీత గీసుకోండి. టీబీ గడ్డ చీము పడితే కూడా న్యూట్రోఫిల్స్ వస్తాయి కాబట్టి దీన్ని కూడా పట్టుకుని వేలాడకూడదు.

అసలు పరీక్ష సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ. టీబీ క్రిమి డీఎన్‌ఏని పట్టుకుంటుంది, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా లేదా కూడా చెప్తుంది, ప్రభుత్వ టీబీ ప్రోగ్రాం కింద ఉచితం, గుంటూరు జీజీహెచ్‌లో అయినా విజయవాడ జీజీహెచ్‌లో అయినా టీబీ విభాగంలో అడగండి. చాలామంది ఇది తెమడకే చేస్తారనుకుంటారు, కాదు, గడ్డలోంచి తీసిన దానికి కూడా చేస్తారు, 2016లో వచ్చిన మన దేశపు ఊపిరితిత్తుల బయటి టీబీ గైడ్‌లైన్స్‌లో మెడ గ్రంథులకి ఇది చేయమనే ఉంది. కల్చర్‌తో, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూడటంతో పోలిస్తే నూటికి ఎనభై పైన పట్టుకుంటుంది, పాజిటివ్ వస్తే దాదాపు తేలిపోయినట్టే, నెగటివ్ వస్తే కొట్టిపారేయడానికి లేదు, కల్చర్ కూడా పెట్టాలి. కల్చర్ ఆరు వారాల దాకా పడుతుంది, ఓపిక కావాలి.

మీ మొదటి సూది పరీక్షలో వచ్చిందంతా స్లైడ్ల మీద పరిచేసి ఉంటారు, సీబీనాట్‌కి ఏం మిగల్లేదు, అవునా? ఎక్కువ చోట్ల అదే జరుగుతుంది. రెండోసారి గుచ్చించాల్సి వస్తుంది, సూది నొప్పి ఇంజెక్షన్ నొప్పి అంతే, భయపడకండి. ఈసారి వెళ్ళే ముందే చెప్పండి, రెండు స్లైడ్లు చాలు, మిగతాది, సూది కడిగిన నీళ్ళతో సహా, స్టెరైల్ నార్మల్ సెలైన్‌లో వేసి సీబీనాట్‌కి, టీబీ కల్చర్‌కి, మామూలు బ్యాక్టీరియా కల్చర్‌కి పంచమని. అదే గడ్డ తీసి బయాప్సీ చేస్తామంటే ఇంకా జాగ్రత్త, ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేశారంటే అయిపోయినట్టే, ఫార్మలిన్‌లో క్రిములన్నీ చస్తాయి, కల్చర్‌కి పనికిరాదు. సగం ఫార్మలిన్, సగం సెలైన్. ఆపరేషన్ థియేటర్లో సిస్టర్ గారికి ఆ రెండు డబ్బాలు మీరే ముందు ఇచ్చినా తప్పు లేదు, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

బార్టొనెల్లాకి రక్త పరీక్ష ఉంది, ఐఎఫ్ఏ పద్ధతిలో ఐజీజీ యాంటీబాడీ టైటర్, అంటే ఆ క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే లెక్క. సూర్యారావుపేటలోనో మా కొత్తపేటలోనో చిన్న ల్యాబుకి వెళ్ళి అడిగితే అదేంటండి అంటారు, పెద్ద ల్యాబుల కలెక్షన్ సెంటర్లకి ముందు ఫోన్ చేసి బయటి ఊరికి పంపిస్తారా, ఎన్ని రోజులు, ఎంత అని కనుక్కుని వెళ్ళండి. రిపోర్టు ఇలా చదవాలి: 1:64 కంటే తక్కువ అయితే ఇప్పుడు ఆ జబ్బు ఉండే అవకాశం తక్కువ. 1:64 నుంచి 1:256 మధ్యలో ఉంటే ఏమో చెప్పలేం, రెండు వారాలాగి మళ్ళీ చేయాలి, పెరిగిందా చూడాలి. 1:256 దాటితే ఈ మధ్య వచ్చిన ఇన్ఫెక్షనే అని గట్టిగా అనుకోవచ్చు. పిల్లులతో ఎప్పటి నుంచో ఉన్న ఇళ్ళల్లో జబ్బు లేని వాళ్ళకి కూడా కొంచెం పాజిటివ్ ఉంటుంది, కాబట్టి నంబరు ఒక్కటే కాదు, గీరిన తేదీ, గడ్డ వచ్చిన తేదీ, నంబరు, మూడూ కలవాలి. ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ తొందరగా పోతుంది, నెగటివ్ వచ్చినంత మాత్రాన ఏం కాదు. చీముకి గానీ ముక్కకి గానీ పీసీఆర్, అంటే క్రిమి డీఎన్‌ఏని వెతికే పరీక్ష, చేయించగలిగితే అది ఇంకా గట్టిది, జబ్బు మొదటి వారాల్లో బాగా దొరుకుతుంది. దీనికి కల్చర్ గురించి అడగొద్దు, వారాల తరబడి ప్రత్యేకంగా పెంచినా చాలాసార్లు రాదు. మామూలు కల్చర్‌లో "నో గ్రోత్" వచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

మాంటూ టెస్టు నెగటివ్ అని రాశారు. మంచిదే, టీబీ వైపు బరువు కొంచెం తగ్గుతుంది, అంతే. 48 నుంచి 72 గంటల్లో చూశారా, ఎర్రదనం కొలిచారా గట్టిపడ్డ వాపు కొలిచారా అని అడగండి, గట్టిపడ్డదే లెక్క. టీబీ గోల్డ్ అనే రక్త పరీక్ష క్రిమి ఎప్పుడైనా ఒంట్లో దూరిందా అని చెప్తుంది, ఈ గడ్డ టీబీనా అని చెప్పదు, పదిమంది అది చేయించమంటారు, ఇక్కడ దాని మీద డబ్బు పెట్టొద్దంటాను. రక్తంలో టీబీ ఐజీజీ ఐజీఎం అని ఎవరైనా రాస్తే అసలు చేయించొద్దు, ఆ టెస్టులని 2012లోనే మన ప్రభుత్వం నిషేధించింది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, మెడకి అల్ట్రాసౌండ్, ఈ మూడూ చేయించి ఉండకపోతే చేయించండి. ఈఎస్ఆర్ ఎంత పెరిగినా దాన్ని బట్టి టీబీ అనకండి, పంటి చీముకి కూడా పెరుగుతుంది. అన్నట్టు పాప కుడి వైపు కింది పళ్ళు చూపించారా? పుచ్చు పన్ను వల్ల దవడ కింద బిళ్ళ కట్టడం రోజూ చూసేదే.

"టీబీ మందులు వాడి చూద్దాం, తగ్గితే టీబీనే కదా" అంటారు కొందరు. ఈ లెక్క ఇక్కడ చెల్లదండి, ఎందుకంటే పిల్లి జబ్బు చాలావరకు ఏ మందూ లేకుండానే రెండు నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోద్ది. పైగా టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ బార్టొనెల్లా మీద కూడా పనిచేస్తుంది. అంటే రెండు నెలలకి గడ్డ కరిగితే అది దేనికి కరిగిందో ఎవరూ చెప్పలేరు, పాప మాత్రం ఆరు నెలలు మందులు మింగాలి, లివర్ టెస్టులు చేయించుకోవాలి, బళ్ళో ఎవరికైనా తెలిస్తే పక్కన కూర్చోనివ్వరు. ఇటు తిరగేసి చూస్తే నిజం టీబీ గడ్డ సరైన మందులు వాడుతున్నా మొదటి నెలల్లో ఒక్కోసారి ఇంకా పెద్దదవుతుంది. తగ్గడం టీబీకి రుజువు కాదు, పెరగడం టీబీ కాదనడానికీ రుజువు కాదు. అందుకే నమూనా మందుల కంటే ముందు. పాప బాగా ఆడుకుంటోంది కాబట్టి సీబీనాట్ రిపోర్టు వచ్చే దాకా వారం పది రోజులు ఆగితే నష్టం లేదు అని మీ డాక్టర్ గారిని అడగొచ్చు, ఆయన ఒప్పుకుంటారనే అనుకుంటున్నా.

అలాగని పిల్లి ఉంది కాబట్టి టీబీ కాదు అని మీరే తీర్మానించేసుకుని మందులు మానేస్తే అది ఇంకా పెద్ద తప్పు. మన ఊళ్ళల్లో పిల్లీ ఉంటుంది, టీబీ కూడా ఉంటుంది, ఒకే ఇంట్లో రెండూ ఉండొచ్చు. సీబీనాట్ పాజిటివ్ వస్తే పిల్లి సంగతి మర్చిపోయి ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా వాడండి. ఇంకో మాట, తేలేదాకా లివోఫ్లాక్సాసిన్ లాంటి మందులు "ఒకసారి వాడి చూద్దాం" అని మెడికల్ షాపులో తీసుకోవద్దు, అవి టీబీ మీద సగం సగం పనిచేసి క్రిమిని దాచేస్తాయి, తర్వాత ఏ పరీక్షలోనూ దొరకదు.

జంతువుల నుంచి వచ్చే ఇంకో రెండు. పచ్చి పాలు తాగే అలవాటుందా, గేదె దగ్గర పితికినవి కాచకుండా? ఆవుల గేదెల టీబీ, మైకోబాక్టీరియం బోవిస్ అంటారు, పాల ద్వారా గొంతులోకి వెళ్ళి మెడ బిళ్ళలే కడుతుంది. సీబీనాట్‌లో అది కూడా టీబీ అనే వస్తుంది, తేడా చెప్పదు, కానీ పైరజినమైడ్ అనే మందు దాని మీద పనిచేయదు, కాబట్టి పచ్చి పాల సంగతి ఉంటే డాక్టర్ గారికి చెప్పి తీరాలి. బ్రూసెల్లా కూడా పచ్చి పాలు, గొర్రెలు మేకల నుంచే వస్తుంది, అందులో జ్వరం వస్తూ పోతూ కీళ్ళు నడుము పీకడం ముందుంటుంది, మెడలో ఒక్క గడ్డ అనేది దాని పద్ధతి కాదు. నెట్‌లో వెతికితే టులరేమియా అని ఒకటి కనపడి భయపెడుతుంది, అది కుందేళ్ళు, పిడుదుల నుంచి అమెరికాలో, స్కాండినేవియాలో వచ్చేది, టర్కీలో చెడిపోయిన నీళ్ళ వల్ల సరిగ్గా ఇలాంటి మెడ గడ్డలే వస్తాయి. పటమటలో ఉన్న పాపకి దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మరి పిల్లి జబ్బే అని తేలితే మందేంటి అంటే, చాలామందికి ఏం అక్కర్లేదు, నొప్పికి పారాసిటమాల్, కొంచెం ఓపిక. చాలామంది డాక్టర్లు అజిత్రోమైసిన్ ఐదు రోజులు ఇస్తారు, దానికి ఆధారం 1998లో వచ్చిన ఒక చిన్న ట్రయల్, 29 మందితో, మందు వాడిన 14 మందిలో 7 మందికి నెలలోపు గడ్డ సైజు బాగా తగ్గింది, డమ్మీ వాడిన 15 మందిలో ఒక్కరికే, నెల దాటాక మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మోతాదు బరువుని బట్టి, అది మీ పిల్లల డాక్టర్ గారే రాయాలి. గడ్డ మెత్తబడి చీము పడితే సూదితో లాగేయించండి, కత్తితో కోసి వదలనివ్వొద్దు, టీబీ అయినా ఇదైనా కోసిన చోట మానకుండా నెలల తరబడి కారుతూ ఉంటుంది. ఆకు పసర్లు, సున్నం పట్టీలు, మెడ మీద వాతలు, ఇవి వద్దని వేరే చెప్పాలా, పెద్దవాళ్ళు ఎవరైనా పట్టుబడితే నా పేరు చెప్పి ఆపండి.

ఆగకుండా వెంటనే చూపించాల్సినవి ఇవి: గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, మెడ కింద కాలర్ ఎముక పైన గుంటలో బిళ్ళ తగలడం, చంకల్లో గజ్జల్లో కూడా రావడం, బరువు తగ్గడం, రాత్రి పూట ఒళ్ళు తడిసేలా చెమటలు, రెండు వారాలు దాటి జ్వరం. వీటిల్లో లింఫోమాని మర్చిపోకూడదు, అప్పుడు సూది పరీక్షతో ఆగకుండా మొత్తం బిళ్ళ తీసి బయాప్సీ చేయాలి. కన్ను ఎర్రబడి చెవి ముందు బిళ్ళ వస్తే, ఒక కంటి చూపు మసకబారితే, ఫిట్స్ వస్తే, కడుపు నొప్పితో జ్వరం ఆగకపోతే, పిల్లి జబ్బు మెడ దాటి ఎక్కడికో వెళ్ళినట్టు, అది అరుదు గానీ ఉంటుంది. ఇంట్లో గుండె వాల్వు జబ్బున్నవాళ్ళు, కీమో, స్టెరాయిడ్లు వాడేవాళ్ళు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పిల్లి గోళ్ళకి దూరంగా ఉండమనండి, వాళ్ళకి ఈ క్రిమి చిన్న విషయం కాదు.

ఇదంతా ఒకెత్తు, రేబిస్ ఇంకో ఎత్తు. పిల్లి గీరినా మన దేశంలో ముందు ఆలోచించాల్సింది అదే. గడ్డ రాకముందు పాపని గీరి ఉంటే ఇప్పటికి నెల దాటింది, ఆ పిల్లి ఇప్పటికీ బతికి తిరుగుతోంది కాబట్టి ఆ గీత వల్ల రేబిస్ రాదు, పది రోజులు దాటి పిల్లి బాగుంటే ఆ భయం లేనట్టే. ఇక ముందు ఎప్పుడు గీరినా పావుగంట పాటు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడగండి, అదే రోజు వెళ్ళి వ్యాక్సిన్ మొదలెట్టించండి, రక్తం వస్తే దాంతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. పిల్లిని పది రోజులు చూసి అప్పుడు వేయిద్దాం అని ఆగొద్దు, మొదలెట్టాక చూడండి.

పిల్లిని ఎక్కడా వదిలేసి రానక్కర్లేదండి, పాపకి మాటిచ్చారు కదా. పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఫ్లీ మందు వేయించండి, పిల్లి రేబిస్ టీకా కూడా అప్పుడే. షాపులో కుక్కలకని అమ్మే గోమార్ల మందు మాత్రం పిల్లికి రాయొద్దు, వాటిల్లో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి చచ్చిపోతుంది. గోళ్ళ కొనలు కత్తిరించడం, పాప చేతి మీద పుండ్లు ఉంటే నాకనివ్వకపోవడం, అది పడుకునే గుడ్డలు వేడి నీళ్ళలో ఉతకడం, ఇవి చాలు. పిల్లికి బార్టొనెల్లా టెస్టు చేయించడం దండగ.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ముందు ఆ సూది పరీక్ష చేసిన ల్యాబుకి వెళ్ళి స్లైడ్లు అడగండి, రెండో ఒపీనియన్‌కి అంటే మామూలుగా సంతకం పెట్టించుకుని ఇస్తారు, వాటిని జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో పేథాలజీలో చూపించండి, ఈసారి చీటీ మీద "పిల్లి పిల్ల ఉంది, ఫలానా నెలలో గీరింది" అని డాక్టర్ గారితో రాయించండి. ఆ ఒక్క లైను ఉంటే చూసేవాళ్ళు చీము కణాల కోసం ఇంకోసారి వెతుకుతారు. జెడ్ఎన్ రిజల్టు, సీబీనాట్ వచ్చాక ఇక్కడ పెట్టండి చూస్తా, రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పాప పేరు, ఫోన్ నంబరు, బార్‌కోడ్ కనపడకుండా వేలు అడ్డం పెట్టి తీయండి.